పంద్రాగస్టు వేషాలు: విల్లు నుంచి వెనక కచ్చం దాకా

మా కాలనీలో పంద్రాగస్టు వేషాల పని జులై రెండో వారంలో మొదలవుతుంది. హైదరాబాద్ శివార్లలో ఉన్న కాలనీ ఇది. గోదావరి వాళ్లు, ఆదిలాబాద్ వాళ్లు, పల్నాడు వాళ్లు, పాలమూరు వాళ్లు పక్కపక్క ఇళ్లలో ఉంటారు. గాంధీ, నెహ్రూ, భగత్‌సింగ్, ఝాన్సీ లక్ష్మీబాయి వేషాలు అద్దె దుకాణాల్లో ఎలాగూ దొరుకుతాయి కాబట్టి మేం వాటి జోలికి పోం. మన ఊళ్లలో పుట్టి పోరాడిన వాళ్ల వేషాలను కాలనీలోనే కుట్టి, మేమే కడతాం. అద్దె వేషం పొద్దున వచ్చి మధ్యాహ్నానికి తిరిగి వెళ్లిపోతుంది. ఇక్కడ కట్టే వేషానికైతే పంచె ఒక ఇంటిది, కుట్టు ఇంకో ఇంటిది, కథ చెప్పే తాతగారు మూడో ఇంట్లో ఉంటారు. అంత వరకూ లిఫ్టులో పలకరించుకోని వాళ్లు పంచె కచ్చం దగ్గర మాటల్లో పడతారు.

మాకున్న నియమం ఒక్కటే. ఒంటి మీదున్న ఏ వస్తువు చూపించి “ఇదెందుకు?” అని అడిగినా పిల్లలు జవాబు చెప్పాలి. జవాబు లేని వస్తువు తీసేస్తాం. ఈ ఒక్క నియమంతో సగం తళుకులు, పూసలు, ప్లాస్టిక్ కత్తులు వాటంతటవే పోతాయి.

ఎవరికి ఏ వేషమన్నది చీట్లు తీసి తేలుస్తాం. ఇది చాలా ముఖ్యం. పెద్దల ఇష్టానికి వదిలేస్తే కిరీటం, గుర్రం ఉన్న వేషాలు పెద్ద ఫ్లాట్ల పిల్లలకు, గొంగడి, రోకలి ఉన్న వేషాలు వాచ్‌మన్ పిల్లలకు వెళ్లిపోతాయి. ఏ వీరుడి పేరుకైనా అంతకన్నా అవమానం ఉండదు. చీటీలో ఎవరు వస్తే వాళ్లే. రంగు, ఎత్తు, ఆడా మగా చూడం. చాకలి ఐలమ్మ వేషం ఏ ఇంటి పాప కట్టినా ఆమె గురించి ఆ ఇంట్లో నెల రోజులు మాట్లాడుకుంటారు. మాకు కావలసింది అదే. బహుమతులు కూడా లేవు. ఒకటో బహుమతి పెట్టిన మరుక్షణం పక్కింటి వాళ్లకు పంచె అరువివ్వడం ఆగిపోతుంది.

వీరులను ఎంచేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంటుంది: కొమరం భీము, ఐలమ్మ పోరాడింది నిజాం మీద, దేశ్‌ముఖ్ మీద కదా, పంద్రాగస్టుకి వాళ్లెందుకని. 1947 ఆగస్టు 15న హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో లేదు, కలిసింది 1948 సెప్టెంబర్ 17న. మనం ఇప్పుడు జెండా ఎగరేస్తున్న ఈ నేల మీద స్వేచ్ఛ కోసం జరిగిన పోరాటాలు అవి. ఈ మాట వేదిక మీద ఒకసారి చెప్పించాక రెండో ఏడు ఎవరూ అడగరు.

అన్నిటికన్నా ఎక్కువ పని ఉండేది అల్లూరి సీతారామరాజు వేషంలో. కాబట్టి దాన్ని పూర్తిగా చెబుతాను.

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లాడి పంచెకు 44 అంగుళాల పన్నా ఉన్న పల్చటి నూలు గుడ్డ రెండుంబావు మీటర్లు చాలు. టెరికాటన్ వద్దు, మడత నిలవదు, జారిపోతుంది. రెడీమేడ్ కాషాయం గుడ్డ కొంటే నారింజ రంగులో మెరుస్తుంది. మాకు కావలసింది సన్యాసి కావి, అంటే కాస్త మట్టి కలిసినట్టుండే రంగు. అందుకని తెల్ల గుడ్డ కొని మేమే అద్దుతాం. ముందు వేడి నీళ్లలో సబ్బు వేసి నానబెట్టి గంజి పూర్తిగా వదిలించాలి. మచ్చలు మచ్చలుగా రంగు పట్టడానికి తొంభై పాళ్లు కారణం ఈ గంజే. మిగతా పది పాళ్లు గిన్నె చిన్నదవడం. గుడ్డ నీళ్లలో తేలికగా కదిలేంత పెద్ద గిన్నె, అయిదు లీటర్ల నీళ్లు, నూలుకు వాడే కాషాయం రంగు ఒక ప్యాకెట్టు, అందులో చిటికెడు గోధుమ రంగు, రెండు పెద్ద చెంచాల ఉప్పు. గుడ్డను తడిపి పిండి, తడిగానే వేయాలి. సన్న మంట మీద అరగంట, ఆపకుండా కర్రతో కలుపుతూ ఉండాలి. తర్వాత నీళ్లు తేటగా వచ్చే దాకా జాడించి నీడలో ఆరేయాలి. తడిగా ఉన్నప్పుడు రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరితే రెండు ఛాయలు తగ్గుతుంది. ఇలాంటి ఇంటి రంగు వానలో తడిస్తే కొంచెం దిగుతుంది, ఆగస్టులో వాన రాకుండా ఉండదు. పక్కన తెల్ల ఖద్దరు వేషం వాళ్లను నిలబెట్టకండి.

పంచె కట్టడం పెద్దవాళ్లకు వచ్చినా పిల్లల ఒంటి మీద నిలవదు. నడుము సన్నం, పొట్ట జారుడు, పైగా పరుగులు. కుచ్చిళ్లు ఊడి కాళ్లకు అడ్డం పడటం అన్ని చోట్లా చూసేదే. మా పద్ధతి ఇది: లోపల నాడా ఉన్న నిక్కరు వేసి, దాని మీద తాతగారి చేత పంచె నిజంగా కట్టించాలి. కట్టు కుదిరాక కుచ్చిళ్లను గుండుసూదులతో గుర్తు పెట్టి, విప్పి, అంగుళం వెడల్పు ఎలాస్టిక్ పట్టీకి కుట్టేయాలి. వెనక కచ్చాన్ని మాత్రం కుట్టకుండా టిచ్ బటన్లు రెండు పెట్టాలి. పిల్లాడు బాత్రూముకి వెళ్లాలంటే అది ఒక్క క్షణంలో ఊడాలి. ఎత్తు పిక్క మధ్యకు రావాలి. మన్యం కొండల్లో నడిచే మనిషి పంచె నేల మీద ఈడ్చుకుంటూ ఉండదు.

గడ్డం దగ్గర జాగ్రత్త. పదేళ్ల లోపు పిల్లలకు జిగురు అసలు వాడం. పాత దోమతెర ముక్కను దవడ ఆకారంలో కత్తిరించి, దాని మీద క్రేప్ హెయిర్ (వేషాలకు వాడే వెంట్రుకలు) పాయలు కుట్టి, రెండు వైపులా సన్నటి ఎలాస్టిక్ దారం పెట్టి చెవులకు తగిలిస్తాం. కింది పెదవి కింద వేలెడంత వెడల్పు ఖాళీ ఉంచాలి. లేకపోతే మాట్లాడేటప్పుడు వెంట్రుకలు నోట్లోకి వెళ్తాయి, పిల్లాడు మాట ఆపి గడ్డం సర్దుకుంటాడు. పెద్ద పిల్లలకు స్పిరిట్ గమ్ (గడ్డాలు అంటించే జిగురు) వాడొచ్చు గానీ ముందు రోజు మోచేతి లోపలి వైపు చుక్క రాసి రాత్రంతా చూడాలి. ఎర్రబడినా దురద పెట్టినా మానేయాలి. క్రేప్ హెయిర్ జడలా అల్లి అమ్ముతారు. ఒక గడ్డానికి అడుగు జడ సరిపోతుంది. విప్పి, తడి గుడ్డ కింద పెట్టి ఇస్త్రీ చేస్తే వంకీలు పోతాయి. అంటించేటప్పుడు చుబుకం కింద మొదలుపెట్టి ముందుకు, అక్కణ్నుంచి చెంపల మీదుగా పైకి పోవాలి. పై వరస కింది వరస మీద పడాలి. తిరగేసి చేస్తే అంటించిన చోటు గీతలా బయటికి కనిపిస్తుంది. చెమట మీద గమ్ పట్టదు. ముఖం తుడిచి, పలచగా పౌడరు అద్ది, ఫ్యాను కింద కూర్చోబెట్టి చేయాలి. తీసేటప్పుడు లాగొద్దు. కొబ్బరి నూనె పట్టించి అయిదు నిమిషాలు ఆగితే దానంతటదే వదులుతుంది.

విల్లుకు పచ్చి వెదురు బద్ద దొరికితే అంతకన్నా మంచిది లేదు. నాలుగడుగుల పిల్లాడికి మూడడుగుల విల్లు. అంచులు గరుకు కాగితంతో బాగా రుద్దాలి, వెదురు పేళ్లు గోరు సందున దిగితే పండగ అక్కడితో అయిపోతుంది. వంచి, పురికొస కట్టి, వారం నీడలో ఉంచితే ఆ వంపులోనే ఆరుతుంది. ఎండు వెదురైతే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టకుండా వంచితే విరుగుతుంది. వెదురు దొరకని వాళ్లు కరెంటు వైరింగుకు వాడే 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు తీసుకోండి. లోపల పొడి ఇసుక కూరి రెండు మూతులూ బిగించి, పైన మరిగే నీళ్లు పోస్తూ వంచాలి. ఇసుక లేకపోతే వంచిన చోట నొక్కుకుపోతుంది. మంట మీద మాత్రం కాల్చొద్దు, పీవీసీ పొగ ఊపిరితిత్తులకు విషం. వంచడం పెద్దవాళ్ల పని. చల్లారాక దాని మీద పురికొస దగ్గరగా చుడితే అది పైపు అని ఎవరికీ తెలియదు. నారి వేలెడు వదులుగానే కట్టాలి. బాణం ఎగిరే విల్లు పిల్లల చేతికి ఇవ్వం.

అమ్ములపొదికి బట్టల దుకాణంలో తాను చుట్టి ఉండే అట్ట గొట్టం అడిగితే ఊరికే ఇస్తారు. మూడంగుళాల వెడల్పున్నది చూసి పదిహేనంగుళాలు కోయాలి. అడుగున రెండంగుళాల థర్మోకోల్ దిగ్గొట్టి ఫెవికాల్ పెట్టి బాణాలు గుచ్చేస్తాం, అవి బయటికి రావు. బాణాలు వార్తాపత్రికలవి. పెద్ద కాగితాన్ని మూల నుంచి మూలకు సన్నటి కడ్డీ మీద బిగుతుగా చుట్టి, చివర మైదా బంక రాసి, కడ్డీ లాగేయాలి. పోస్టర్లకు వాడే బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. పిల్లలు ముట్టుకునే వస్తువులకు అది వద్దు, విషం. పొది పట్టీ అంగుళం వెడల్పు, మీటరుంబావు పొడవు. దాన్ని గొట్టానికి పైన ఒకచోట, కింద ఒకచోట కుట్టాలి. ఒక్కచోటే కడితే పిల్లాడు వంగినప్పుడు పొది తిరిగిపోయి ముఖానికి కొట్టుకుంటుంది.

ఇన్ని చేసినా ఈ వేషంలో అసలైన వస్తువు విల్లు కాదు, ఒక కాగితం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద రాజు దళం దాడి చేసింది. ఏయే తుపాకులు, తూటాలు తీసుకెళ్తున్నారో రాసి, రాజు సంతకం చేసి మరీ వెళ్లాడు. ఆ కాగితం మా సీతారామరాజు నడుములో ఉంటుంది. తీసి చదువుతాడు. విల్లు చూసిన వాళ్లు చప్పట్లు కొడతారు, ఆ కాగితం విన్న వాళ్లు ఇంటికెళ్లి కూడా మాట్లాడుకుంటారు. ఆయన పక్కన గాం గంటం దొర, గాం మల్లు దొర వేషాలు తప్పనిసరి. నాయకుణ్ని ఒంటరిగా నిలబెడితే మన్యం ప్రజల తిరుగుబాటు ఒక్కరి కథ అయిపోతుంది.

గిరిజన వేషాల విషయంలో మా పట్టుదల గట్టిది. నడుముకు ఆకులు, తలకు ఈకలు, ఒళ్లంతా నల్ల రంగు పూయడం చాలా బడుల్లో ఇప్పటికీ చేస్తున్నారు. అది గౌరవం కాదు. కొమరం భీము గోండు. జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేల భూమి కోసం నిజాం ప్రభుత్వంతో తలపడి 1940లో ప్రాణమిచ్చాడు. ఆయనకు మోకాళ్ల దాకా గోచీ కట్టిన తెల్ల పంచె, భుజాన కంబళి, తలకు రుమాలు. అంతే. ముఖానికి ఏ రంగూ వద్దు. రుమాలుకు పాత వాయిల్ చీర చాలా బాగుంటుంది. అయిదున్నర మీటర్ల చీరను నిలువుగా రెండుగా చింపితే ఇద్దరికి సరిపోతుంది, పిల్లలకైతే ఒక్కొక్కరికి మూడు మీటర్లే ఎక్కువ. కొత్త గుడ్డ జారుతుంది, గంజి గుడ్డ గుచ్చుతుంది. తల మీదే చుట్టి, రెండు వేళ్లు దూరేంత వదులుందో లేదో చూసి, నాలుగు చోట్ల టాకా వేస్తే టోపీలా తీసి పెట్టుకోవచ్చు. బిగుతైతే అరగంటకే తలనొప్పి అంటారు. ఆయన చేతిలో ఉండే అట్ట మీద “జల్, జంగల్, జమీన్” అని రాసి ఉంటుంది. నీరు, అడవి, భూమి గురించి తలా ఒక వాక్యం పిల్లాడు చెప్పాలి.

ఐలమ్మ వేషానికి ముతక నూలు చీర. తొమ్మిదేళ్ల పాపకు మూడున్నర మీటర్ల పొడవు చాలు. పన్నా ఎక్కువైందని కత్తిరించేయకండి, పై అంచున మడిచి పొడుగు కుట్లు వేస్తే వచ్చే ఏడు విప్పి ఇంకో పాపకు కట్టొచ్చు. గోచీ పోసి కట్టాలి, కొంగు నడుముకు బిగించాలి. ఒక చేతిలో రోకలి. నిజం రోకలి బరువు, కాలి మీద పడితే ప్రమాదం. అదే తాను గొట్టానికి గోధుమ రంగు కాగితం అంటించి, కొసన పొన్ను (ఇనుప కట్టు) ఉన్నట్టు వెండి కాగితం చుడితే చాలు. రెండో చేతిలో వరి కంకుల కట్ట. పాలకుర్తిలో ఆమె పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు ఆమెకు అండగా నిలిచి ఆ ధాన్యాన్ని ఆమె ఇంటికే చేర్చారు. కాబట్టి ఈ వేషాన్నీ ఒంటరిగా పంపం. వెనక నలుగురు పిల్లలు మూటలు మోస్తూ రావాలి. ఒక చిక్కుంది: ఆగస్టులో పొలాల్లో నాట్లే ఉంటాయి, కంకులు దొరకవు. యాసంగి కోతలప్పుడే, ఏప్రిల్‌లో, ఊరెళ్లిన వాళ్ల చేత రెండు కట్టలు తెప్పించి, గుడ్డలో చుట్టి ఎలుక అందని చోట వేలాడదీయాలి.

ఏ సామానూ పెద్దగా అక్కర్లేని వేషం దుర్గాబాయిది. ఖద్దరు లంగా ఓణీ, వాలంటీరు బ్యాడ్జీ, చేతిలో టికెట్ల కట్ట. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర కాపలా ఉన్న ఆ అమ్మాయి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. వచ్చిన వాళ్లందరికీ మా పాప గేటు దగ్గర టికెట్లు ఇస్తుంది, టికెట్ లేనిదే ఎవరినీ లోపలికి రానివ్వదు, కాలనీ అధ్యక్షుడు సహా. ఆ పిల్లకు అంతకుమించి నటన అవసరం లేదు.

టంగుటూరి ప్రకాశం వేషంలో కీలకమంతా చొక్కా గుండీల్లో ఉంది. 1928 ఫిబ్రవరిలో మద్రాసులో సైమన్ కమిషన్‌కు నిరసనగా జనం కదిలినప్పుడు తుపాకుల ముందు రొమ్ము చూపించిన ఘట్టం కదా. మామూలు గుండీలు ఆ క్షణంలో చిక్కుకుపోతాయి. పైకి గుండీలు కుట్టి, లోపల టిచ్ బటన్లు పెడితే ఒక్క గుంజుకే తెరుచుకుంటుంది.

పింగళి వెంకయ్య వేషం వేసి చేతిలో నేటి జెండా ఇవ్వడం మామూలుగా జరిగే పొరపాటు. 1921లో విజయవాడ కాంగ్రెస్ సమావేశాల్లో ఆయన గాంధీజీకి చూపించింది ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా. తెలుపు తర్వాత చేరింది. ఆ రోజుల్లో వాడిన జెండాలో పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, అడుగున ఎరుపు, మీద రాట్నం ఉండేది. అశోక చక్రంతో ఇప్పుడున్న జెండాను రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జులై 22న. రాట్నం జెండాను గుడ్డ మీద రంగులతో పిల్లల చేతే వేయిస్తాం.

జాతీయ జెండా గురించి చట్టం తెలిసి ఉండాలి. నడుము కింద కట్టే ఏ గుడ్డగానూ జెండాను వాడకూడదు. చేతి రుమాళ్ల మీద, దిండు గలేబుల మీద ముద్రించకూడదు. నేలకు తగలనివ్వకూడదు. కాబట్టి జెండాతో లంగా, జెండాతో పంచె అడగొద్దని చీట్ల రోజే చెప్పేస్తాం. కొలత ఎంతదైనా పొడవు, ఎత్తు 3:2 నిష్పత్తిలోనే ఉండాలి. కార్యక్రమం అయ్యాక కాగితం జెండాలు ఏరడానికి ఇద్దరు పెద్ద పిల్లలకు సంచులిచ్చి నియమిస్తాం. వాటిని చెత్త బండిలో వేయకూడదు.

ముఖానికి వేసే రంగులు ఎంత తక్కువైతే అంత మంచిది. పూర్వం వీధి భాగోతాల్లో అర్దళం అనే పసుపు రంగు పొడి పూసేవాళ్లు, అందులో ఆర్సెనిక్ ఉంటుంది. ఇప్పుడెవరైనా పాత పెట్టెలోంచి తీసి ఇచ్చినా తీసుకోవద్దు. బజారు కుంకుమ కూడా చర్మానికి మంచిది కాదు. కాటుక, నీళ్లతో కడిగితే పోయే ముఖం రంగు, అంతే. ముసలివాళ్ల వేషాలకు తల మీద టాల్కం పౌడరు చల్లడం అందరూ చేసే పని. పది నిమిషాలకు చెమటతో కలిసి కళ్లలో పడుతుంది. నల్ల జుట్టుతోనే పంపండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

రెండు రోజుల ముందు ప్రతి పిల్లా, పిల్లాడూ వేషంతో గంట సేపు ఉండాలి. ఊరికే నిలబడటం కాదు: మెట్లెక్కాలి, బాసింపట్టు వేసి కూర్చోవాలి, సెల్యూట్ చేయాలి, నీళ్లు తాగాలి, బాత్రూముకి వెళ్లి రావాలి. ఊడేవన్నీ అప్పుడే ఊడతాయి. చెప్పే మాటలు అయిదు వాక్యాలు దాటనివ్వం: ఏ ఊరు, ఏ కాలం, ఏం చేశారు, చేతిలో ఉన్నదేమిటి, తోడు ఎవరున్నారు. ఆ అయిదూ ఆ ప్రాంతం నుంచి వచ్చిన ఇంటి పెద్దలకు ముందుగా వినిపించాలి. పల్నాడు తాతగారు, పుల్లరి మీద పోరాడిన కన్నెగంటి హనుమంతు వేషం మాటలను సరిదిద్దుతారు, పుల్లరి అంటే పశువులు అడవిలో మేసినందుకు కట్టే పన్ను అని పిల్లలకు ఆయన చెప్పినంత వివరంగా మేం చెప్పలేం. ఈ వినిపించే సాయంత్రాలే మా కాలనీకి అసలు పండగని నా అభిప్రాయం.

ఆ రోజు పొద్దున ఆరింటికే అల్లూరి గడ్డం మొదలవ్వాలి, మిగతా వేషాలకు ఏడున్నర చాలు. పిల్లలు టిఫిన్ తిన్నాకే కట్టాలి. ఇడ్లీ పెట్టండి, పూరీ నూనె పంచెకు అంటితే పోదు. ఒక బుట్టలో పిన్నీసులు రెండు డజన్లు, సూది దారం, టిచ్ బటన్లు, కత్తెర, కొబ్బరి నూనె, రెండు తువ్వాళ్లు పెట్టి ఒకే మనిషికి అప్పగించాలి, ఆ మనిషి ఆ రోజంతా బుట్ట వదలకూడదు. వాన పడితే సెల్లారులోకి మారతాం. విల్లులు ముందే లోపలికి వెళ్లాలి, పురికొస తడవకూడదు.

కార్యక్రమం అయిన సాయంత్రమే పంచెలు, చీరలు ఉతికించాలి. చెమట పట్టిన నూలు వానాకాలం రెండు రోజులు మూటలో ఉంటే బూజు మచ్చలు పడతాయి, అవి పోవు. కాషాయం విడిగా ఉతకాలి. పూర్తిగా ఆరాక ఎండు వేపాకు వేసి రేకు పెట్టెలో పెట్టి, తాళం కాలనీ ఆఫీసులో ఇస్తాం. పెట్టెతో పాటు ఒక నోటు పుస్తకం ఉంటుంది. ఏ పంచె ఏ ఇంటిది, ఏ కుట్టు విప్పితే ఎన్ని అంగుళాలు పెరుగుతుంది, ఏ విల్లు నారి మార్చాలి, వచ్చే ఏడు ఏ కంకులు ఎవరు తెస్తామన్నారు అన్నవి అందులో రాసి ఉంటాయి. పక్క కాలనీల వాళ్లు అడిగితే పెట్టె ఇస్తాం, అద్దె తీసుకోం. కానీ ఆ నోటు పుస్తకం చదివి, అయిదు వాక్యాలు నేర్పిస్తామంటేనే ఇస్తాం.